ఉతకని కోక

సొరచేప వీపు మీద కూర్చుని బారువ నుంచి గోపాలపూర్ దాకా వెళ్లానని నేను చెబితే పిల్లలిల్లులోని గుంటలు, మా వైపు పిల్లల్ని అలాగే అంటాం, నోళ్లు తెరుచుకుని నమ్మేవారు. దారిలో సొరచేపకి దాహం వేస్తే కొబ్బరిబొండాం కొట్టి తాగించానన్నా నమ్మేవారు. అదే వాళ్ల తల్లుల్ని కూర్చోబెట్టి, ఊయల మీద వేలాడే ఈ తెల్ల డబ్బాల్లో మీ ఒంటి వాసన నింపుతాం అని డాక్టరమ్మ చెబితే ఒక్కరూ నమ్మలేదు. నమ్మకపోతే పోనీ, భయపడ్డారు. ఈ కథంతా ఆ భయం తెచ్చిన తంటా.

మాది ఉద్దానం. ఊరి చివర జీడిపిక్కల ఫ్యాక్టరీ ఉంది. మగవాళ్లు చాలామంది వలస పోతారు, మా అబ్బాయి ధర్మారావులాగా గుజరాత్ పడవల మీదకి. ఆడవాళ్లు తెల్లారగానే పిక్కలు కొట్టడానికి వెళతారు. ఆ ఫ్యాక్టరీ గోడని ఆనుకుని విశాఖపట్నం నుంచి వచ్చిన పరిశోధకులు పిల్లలిల్లు తెరిచారు. పగలంతా పసిపిల్లల్నీ, బడి ఈడు రాని గుంటల్నీ చూసుకునే ఇల్లన్నమాట. వాళ్ల పద్ధతులు మాకు వింతగా ఉండేవి. పిల్లని గదమాయించకూడదు. ఏడిస్తే ఏడవనీ, అదే అలవాటవుతుంది అనకూడదు. నలుగురు పిల్లలకో ఆయా. మధ్యాహ్నం పూట ఊళ్లోంచి ఓ ముసలాడో ముసలమ్మో వచ్చి కథ చెప్పాలి. ఆ ముసలాడి ఉద్యోగం నాకు దొరికింది. నాలుగో తరగతితో వీధిబడికి దండం పెట్టేసిన ఈ లోకనాథాన్ని డాక్టరమ్మ వచ్చినవాళ్లందరికీ 'మా స్టాఫ్' అని పరిచయం చేస్తుంటే, నేను మెడ కొంచెం పొడుగు చేసి నిలబడేవాణ్ని.

డాక్టరమ్మ పేరు వైదేహి. మా కోడలు సుగుణ కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. కళ్లజోడు ఉంది గానీ ఆవిడకి కళ్ల కంటే ముక్కుతోనే పని. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే, తాతగారూ ఇవాళ ఎండుచేప తిన్నారా, అనేది. కాదనడానికి లేదు.

ఆవిడ కనిపెట్టిన పని ఇది. తల్లి కొన్నాళ్లు కట్టి, ఉతక్కుండా ఇచ్చిన కోకని ముక్కలు కోసి, గాజు గొట్టంలో పెట్టి చల్లబరిస్తే, అందులోని ఒంటి వాసన చెంచాడు నీళ్లలా కిందికి దిగుతుంది. దాన్ని చిన్న సీసాలో పోసి డబ్బాలో బిగిస్తారు. మొదటిరోజు నా కళ్లతో చూశాను. ఒక గుంటడు పెదవి వంకర పెట్టి, ఊపిరి లోపలికి లాగి, ఇక ఇల్లెగిరిపోతుంది అనుకున్న క్షణాన, డబ్బా ఉస్సుమంది. వాడి పెదవి వంకర అలాగే ఆగి, సర్దుకుంది, వాడు నిద్రలోకి జారిపోయాడు. ఏడుపు నోటిదాకా రాకుండా గుండె వేగం చూసి డబ్బా పసిగడుతుందట. గుంట ఎంత గాభరా పడితే అంత ఎక్కువ ఊదుతుందట. వాసనని కొత్తగా తయారు చెయ్యడం మాత్రం తన వల్ల కాదనీ, ఉన్నదాన్ని పట్టుకోవడం వరకే వచ్చనీ ఆవిడే చెప్పింది.

ఇంతకీ భయం సంగతి. కట్టి విడిచిన కోకని ఉతక్కుండా బయటివాళ్ల చేతిలో పెట్టడం మా దగ్గర ఎవరూ చెయ్యని పని. చిల్లంగి, అదే చేతబడి, పెట్టేవాడికి కావలసింది అదే కదా. వెంట్రుకో, గోరో, చెమట అంటిన గుడ్డో. ఫ్యాక్టరీ ఆడవాళ్లు గేటు దగ్గర గుసగుసలాడుకున్నారు. పిల్లల్ని చూసుకునే చోటు ఇంకోటి లేదు. కోక ఇవ్వకపోతే పిల్లని చేర్చుకోరు. చివరికి తలా ఒక మూట తెచ్చి, తలలు వంచుకుని ఇచ్చేశారు. మా కోడలు సుగుణ కూడా ఇచ్చింది. మనవరాలు తారిణికి అప్పుడు నాలుగో నెల.

తారిణి పిల్లలిల్లుకి చిటికెలో అలవాటైపోయింది. ఇంటికొచ్చాక మాత్రం నాయనమ్మ ఒళ్లోంచి దిగేది కాదు. మా ఆవిడ దమయంతి చుట్ట అడ్డంగా పెట్టుకుని, అంటే నిప్పు నోట్లోపలికి పెట్టి పొగ తాగే రకం. ఆ చుట్ట కంపుకి నేనే మంచం వాకిట్లో వేసుకున్న రోజులున్నాయి. ఈ గుంట మాత్రం ఆ మెడలో మొహం దూర్చి పడుకునేది. పెద్దయ్యాక ఇది కూడా చుట్ట పడుతుంది, ఇద్దరికీ కలిపి కట్టలు తేవాలి అని నేను ఏడిపించేవాణ్ని. దమయంతి నవ్వేది. సుగుణ నవ్వేది కాదు. ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు.

మా ప్రాంతంలో ఇంటింటికీ తెలిసిన కిడ్నీ జబ్బే దమయంతినీ తీసుకుపోయింది. కాళ్లు వాచాయి, మొహం వాచింది, ఆసుపత్రికీ ఇంటికీ తిరిగాం, వానలు మొదలయ్యేసరికి మనిషి లేదు. మా ఆనవాయితీ ప్రకారం ఆవిడ కట్టిన బట్టలన్నీ దినం నాడే మూటగట్టి శ్మశానంలో వదిలేశారు. రవికె ముక్క కూడా ఇంట్లో మిగల్లేదు.

ఆ తర్వాతే తారిణి తిండి మానేసింది.

ఇంట్లో అని చెప్పాలి. పిల్లలిల్లులో డబ్బా కింద పడుకోబెడితే సీసా పాలు గుటగుటా తాగేది. ఇంటికి తెస్తే సుగుణ రొమ్ము ముట్టుకోదు, చెంచా ముట్టుకోదు. తల్లి ఎత్తుకోబోతే వెనక్కి విల్లులా వంగిపోయేది. సుగుణ చేతులకి జీడి రసం అంటి నల్లగా మాడిన మరకలు. అదే వాసన కాబోలనుకుని ఆముదంతో తోమింది, బూడిదతో తోమింది, చర్మం లేచేలా తోమింది. లాభం లేదు. ఆదివారం పిల్లలిల్లుకి సెలవు. ఆదివారాలు గుంట పెదవులు ఎండిపోయి, సోమవారం పొద్దున్నకి మెడ వాల్చేసేది. తూకం యంత్రం మీద పెట్టిన ప్రతిసారీ డాక్టరమ్మ మొహం ముడుచుకునేది.

దానికి తోడు తారిణి డబ్బా మీద, సీసాలో ఎంత మిగిలిందో చూపించే సూది కిందికి దిగుతోంది. నాయనమ్మ పోయాక గుంట గాభరా పెరిగింది. డబ్బా దయతలచి ఇంకా ఇంకా ఊదింది. ఏడాది రావలసిన సీసా అడుగంటింది. మళ్లీ ఒక కోక తెమ్మంది డాక్టరమ్మ. సుగుణ ఈసారి వెంటనే తెచ్చింది. ఆ కోక వాసన దించి, కొత్త సీసా పెట్టి డబ్బా నొక్కితే తారిణి తల అటు తిప్పి, మొహం నీలంగా చేసుకుని గింజుకుంది. డాక్టరమ్మకి అర్థం కాలేదు. తల్లి వాసన కొన్ని నెలల్లో ఇంత మారుతుందా అని రెండు సీసాలూ పక్కపక్కన పెట్టుకుని వాసన చూస్తూ కూర్చుంది. చివరికి పాత సీసానే మళ్లీ బిగించింది. సుగుణ నేలవంక చూస్తూ నిలబడింది.

ఈ రెండు సీసాల సంగతి నాకు తర్వాత తెలిసింది. నా వంతు ఎలా వచ్చిందంటే, ఓ మధ్యాహ్నం బయట వాన. కథ సగంలో ఉంది. పాముని నడుముకి చుట్టుకుని పెళ్లికి వెళ్లిన మావాడు పీటల మీద కూర్చోబోతున్నాడు. తారిణి కదిలిందని ఊయల మీదకి వంగాను. డబ్బా ఉస్సుమంది.

దమయంతి.

మొదట చుట్ట, దాని కింద ఆముదం, దాని కింద ఎండిన వాము, అన్నిటికంటే కింద పేరు లేనిది ఒకటుంది చూడండి, పక్కమీద నలభై ఏళ్లు పక్కనే ఉన్న మెడ, అది. నేను వెనక్కి తిరిగి చూశాను. నిజంగా చూశాను. గుమ్మంలో ఉందేమోనని. పెళ్లి ఏమైంది తాతా అని గుంటలు నా పంచె లాగుతున్నారు. పాము తాళి కట్టేసిందర్రా అని ఏదో అనేసి, ఊయల కర్ర పట్టుకుని అక్కడే నేలమీద కూలబడ్డాను.

మర్నాటి నుంచి కథ టైముకంటే ముందే వెళ్లి, మోకాలు నొప్పి అని చెప్పి తారిణి ఊయల పక్కనే చాప వేసుకునేవాణ్ని. గుంటా నేనూ ఇద్దరం ఆ డబ్బా వైపే మొహాలు పెట్టుకుని కాచుకునేవాళ్లం. కొన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆపేస్తారని.

సూది ఎర్రగీత దాటిన రోజున ఇక ఆగలేక, ఫ్యాక్టరీ గేటు దగ్గర సుగుణని పట్టుకుని అడిగాను, మీ అత్త కోక ఆ డబ్బాలోకి ఎలా వెళ్లిందే అని.

ఆ పిల్ల ముందు బెదిరింది. తర్వాత గోడకి ఆనుకుని మొత్తం చెప్పేసింది. కోక అడిగిన రోజు తను ఏడుస్తూ ఇంటికొచ్చిందట. నా కోక ఇస్తే నాకేదైనా అయితే గుంట తల్లిలేనిది అయిపోతుంది అందట. దమయంతి పెరట్లో చుట్ట కాలుస్తూ విని, లోపలికెళ్లి తను కట్టుకున్న కోక విడిచి మూటగట్టిందట.

"నాకేటి పెడతారే చిల్లంగి, పెట్టినా వాళ్లకే నష్టం, నా కోక ఇచ్చీ, అంది మావయ్యా," అంది సుగుణ. "ఇచ్చీసాను. తర్వాత అత్తకి కాళ్లు వాచాయి. ఎవరికి చెప్పుకోను?"

జబ్బు నీటి వల్ల వచ్చిందో దేనివల్ల వచ్చిందో పెద్ద పెద్ద డాక్టర్లకే తెలీదు, కోక వల్ల అని నీకెవరు చెప్పారే పిచ్చిదానా అని తిట్టి, చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ గదికి తీసుకెళ్లాను.

వైదేహి కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. మొదటి సీసాలో పొగాకు ఉందని ఆవిడకి ఆనాడే తెలుసట. పాలిచ్చే తల్లి రహస్యంగా చుట్ట తాగుతోందనుకుని, నొచ్చుకుంటుందని గట్టిగా అడక్కుండా, ఆరోగ్యానికి మంచిది కాదమ్మా అని మెల్లగా చెప్పిందట. సుగుణ తల వంచుకుని మానేస్తానందట. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. ఆవిడ లేచి వెళ్లి మిగతా తల్లుల్ని ఒక్కొక్కరినే పిలిచి నిలదీసింది. ఒకామె అక్క కోక, ఒకామె ఆడపడుచుది, ఇంకొకామె సంతలో కొన్న పాత కోక. ఒకతె మాత్రం మొగుడి లుంగీ రంగు బాగుందని ఇచ్చిందట. గది నిండా పిల్లలు ఎవరెవరినో అమ్మలనుకుని నిద్రపోతున్నారు.

"మీ కోకే ఎందుకు కావాలో నేను మీకు చెప్పలేదు. ఏం చెయ్యాలో మాత్రమే చెప్పాను," అంది వైదేహి. ఎవరితో అందో తెలీదు.

మిగతా పిల్లలకి టైముంది. తారిణికి లేదు. ఆవిడ సీసా ఎత్తి వెలుతురుకి పట్టింది. అడుగున గోరంత తడి. ఉపాయం ఒకటే ఉందంది. ఈ మిగిలినదానిలో సుగుణ వాసన కొంచెం కొంచెంగా కలుపుతూ పోవాలి. పాలు పట్టిన ప్రతిసారీ నాయనమ్మ తగ్గాలి, తల్లి పెరగాలి, గుంటకి తేడా తెలియకూడదు. సుగుణ పనికి వెళ్లకుండా డబ్బా కింద కూర్చుని తన ఒళ్లోనే పట్టాలి. ఇది కుదరకపోతే విశాఖపట్నం ఆసుపత్రి, ముక్కులో గొట్టం. అంత నీరసించిన పిల్లకి అదీ ఎలా ఉంటుందో చెప్పలేను అంది.

నా నోరు ఊరుకుందా? అందులో ఒక్క చుక్క నాకు ఇస్తారా అని అడిగేశాను.

ఇస్తే గుంటకి చాలకపోవచ్చు, చాలనూవచ్చు, నాకు నిజంగా తెలీదు తాతగారూ అంది డాక్టరమ్మ.

"ఇచ్చీండి మేడమ్," అంది సుగుణ. "ఆయన మనిషిది అది. నేను ఆయనకి చెప్పకుండా పట్టుకొచ్చీసాను."

పిల్ల ప్రాణం మీదకి వచ్చినా ఆ మాట అంది చూడండి. నేను ఆమె మొహం చూశాను. దవడలు పీక్కుపోయాయి. గుంట తిననప్పటి నుంచి ఈ పిల్ల కూడా సరిగా తింటున్నట్టు లేదు. ఇన్నాళ్లూ నేను డబ్బా వైపు తప్ప ఎటూ చూడలేదు.

"మీ అత్త చుట్ట కంపు నలభై ఏళ్లు భరించానే," అన్నాను. "ఇంకా సీసాలో కూడానా. మొత్తం గుంటకే పొయ్యండి."

మొదలుపెట్టారు. నన్ను గుమ్మం దాటి లోపలికి రావద్దన్నారు. మా ఇంటి వాసన, దమయంతి ఉన్న గోడల వాసన నా చొక్కాకి ఇంకా ఉందట, గుంట తికమకపడుతుందట. కిటికీ బయట కూర్చున్నాను. మొదట్లో బాగానే సాగింది. తారిణి సుగుణ ఒళ్లో పడుకుని, డబ్బా వైపు కళ్లు పెట్టి తాగింది. మధ్యలో ఒకోసారి ఆగి, ముక్కుపుటాలు ఎగరేసి, ఎవరో వచ్చారన్నట్టు చూసేది. డాక్టరమ్మ మర కొంచెం వెనక్కి తిప్పేది. గుంట మళ్లీ తాగేది. సుగుణ ఊపిరి బిగబట్టి కూర్చునేది, కుండలో నీళ్లు తొణక్కుండా మోసేదానిలా.

నాయనమ్మ సగం, తల్లి సగం దాకా వచ్చింది. ఆ పూట గాలి తిరిగింది. ఫ్యాక్టరీలో పిక్కలు కాల్చే పొగ భళ్లుమని కిటికీలోంచి లోపలికి కొట్టింది. నేను కిటికీ తలుపు మూయబోయేలోపే తారిణి ఉలిక్కిపడింది. గుండె వేగం పెరగ్గానే డబ్బా తన పని తను చేసింది. ఉస్సు, ఉస్సు, ఉస్సు. ఆగదే. జాలిగుండె యంత్రం అది, ఏడవనివ్వకూడదని తప్ప దానికి ఇంకోటి నేర్పలేదు. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి వైరు పీకి పారేసేసరికి పాత సీసా పొడిగా ఉంది.

దమయంతి అయిపోయింది. కిటికీలోంచి ఆ చివరి వాసన నా మీదుగానే వెళ్లింది గానీ, ఆ పొగలో నాకు తెలియనే లేదు.

ఇప్పుడెలా అంది సుగుణ. ఇంకా సగం దారి ఉంది, మెట్లు లేవు, దూకడమే అంది వైదేహి. డబ్బాలో సుగుణ సీసా ఒక్కటే పెట్టి, మళ్లీ ఒక క్షణం ఆలోచించి, డబ్బానే విప్పి కింద పెట్టేసింది. తలుపులు, కిటికీలు మూసేశారు. నాకు లోపల కనపడ్డం మానేసింది. వినపడ్డం మొదలైంది.

ఏడుపంటే అది. నెలల తరబడి గొంతు దాటనివ్వని ఏడుపంతా ఒకేసారి వచ్చిపడ్డట్టు. ఆయా ఒకతె, మేడమ్ పిల్లకి ప్రమాదం, ఏదో ఒకటి ఊదండి అంటోంది. ఏమీ లేదు, ఊదడానికి ఏమీ లేదు, ఏడవనీ, అని వైదేహి గొంతు. పిల్ల ఏడవకూడదని ఇల్లు కట్టిన మనిషి ఆ మాట అనడానికి ఎంత కష్టపడిందో గోడ అవతల నాకు తెలిసింది. మధ్యమధ్య సుగుణ గొంతు, ఏదో చెబుతోంది, పాట కాదు, మాట కాదు. మిగతా పిల్లలూ అందుకున్నారు. ఎండలో నిలబడి రెండు చేతులతో గోడ పట్టుకున్నాను. వంద అబద్ధాలు చెప్పిన నోటికి ఒక్క కథ కూడా తోచలేదు.

ఏడుపు బొంగురుపోయింది. ఎక్కిళ్లయింది. తర్వాత ఆగిపోయింది.

అన్నిటికంటే ఆ ఆగడం భయపెట్టింది నన్ను. నిద్రపోయిందా, సొమ్మసిల్లిందా, ఇంకేమైనానా. తలుపు కొట్టడానికి చెయ్యి ఎత్తి, దించి, మళ్లీ ఎత్తాను. తలుపు దానంతటదే తెరుచుకుంది. వైదేహి. చెమటతో జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. పక్కకి జరిగింది.

సుగుణ గోడకి ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. రవికె, మెడ, ఒళ్లంతా చెమటా, కన్నీళ్లూ, గుంట చొంగా. తారిణి ఆ తడి మెడలో మొహం దూర్చి, అలిసిపోయి వాసన చూస్తోంది. చూసి చూసి, మెల్లగా కిందికి జారి, రొమ్ము అందుకుంది. రెండు గుక్కలు తాగి ఆగింది. సుగుణ కళ్లు మూసుకుంది. గుంట మళ్లీ తాగింది.

వైదేహి నా పక్కన మెట్టు మీద కూలబడింది. మిగతా డబ్బాలు కూడా ఒక్కొక్కటే విప్పుతానంది. తల్లులు పని మధ్యలో వచ్చి పాలిచ్చి వెళ్లేలా ఫ్యాక్టరీ వాళ్లతో కొట్లాడతానంది. ఒప్పుకుంటారా అన్నాను. ఒప్పుకోకపోతే మీరొచ్చి సొరచేప కథ చెప్పండి, భయపడి ఒప్పుకుంటారు అంది. ఆవిడ నాతో పరాచికమాడడం అదే మొదలు.

సాయంత్రం ముగ్గురం ఇంటికి నడిచాం. తారిణి తల్లి భుజం మీద నిద్రపోతోంది. కొబ్బరితోటలు దాటాక సుగుణ నా వైపు తిరిగింది.

"అత్త వాసన మీకు గుర్తుందా మావయ్యా?"

"ఎందుకుండదే," అన్నాను. "కళ్లు మూసుకుంటే చాలు."

ఆ పిల్ల మొహం తేలికపడింది. గుంటని ఇంకో భుజానికి మార్చుకుని చకచకా ముందుకి నడిచింది. నేను వెనకబడి ఒకసారి కళ్లు మూసుకుని చూశాను. సముద్రం మీంచి గాలి వస్తోంది. ఎంత లోపలికి పీల్చినా ఉప్పే తగిలింది.